మా దీవుల ఒకే ఒక్క ఓటు

మా నాన్న సార్వత్రిక ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేసింది 1967లో. అప్పటికే ఆయనకు నలభై దాటాయి. శ్రీకాకుళం జిల్లాలో ఆయన తోడబుట్టినవాళ్లంతా 1952 నుంచీ ఓట్లు వేస్తున్నారు. నాన్న మాత్రం ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఛాథం రంపపు మిల్లులో కుదురుకున్నారు కాబట్టి ఆ హక్కు సముద్రం అవతలే ఉండిపోయింది. అండమాన్ నికోబార్ దీవులకు లోక్‌సభలో మొదటి నుంచీ ఒక సీటు ఉంది. కానీ 1967 దాకా అందులో కూర్చునే మనిషిని రాష్ట్రపతే నియమించేవారు. 1952లో కార్ నికోబార్‌కు చెందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్, 1957లో లచ్మన్ సింగ్, 1962లో నిరంజన్ లాల్. రిచర్డ్‌సన్ తన జనానికి చదువు చెప్పిన మహానుభావుడు, ఆయన పేరు చెబితే నికోబారీలు ఈనాటికీ చేతులు జోడిస్తారు. అయినా ఆయనను ఎన్నుకున్నది మేం కాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రాజ్యాంగం 239వ అధికరణం ప్రకారం మమ్మల్ని పాలించేది రాష్ట్రపతి. ఆయన తరఫున 1982 దాకా చీఫ్ కమిషనర్, ఆ తర్వాత లెఫ్టినెంట్ గవర్నర్. మా కోసం చట్టంతో సమానమైన రెగ్యులేషన్లు చేసే అధికారం కూడా 240వ అధికరణం రాష్ట్రపతికే ఇచ్చింది. దేశంలో ఇంత నేరుగా రాష్ట్రపతి పేరు మీద బతికే జనం చాలా తక్కువ. ఆ రాష్ట్రపతిని ఎన్నుకునేది మాత్రం 54వ అధికరణం ప్రకారం ఎన్నికైన ఎంపీలు, ఎన్నికైన ఎమ్మెల్యేలు. మాకు శాసనసభ లేదు, ఎంపీయేమో నియమితుడు. కాబట్టి 1952, 1957, 1962 రాష్ట్రపతి ఎన్నికల్లో మా దీవుల తరఫున ఒక్క ఓటు కూడా పడలేదు. 2022 రాష్ట్రపతి ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఒక్కో ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. మాకు ఇప్పటికీ ఉన్నది ఒక్క ఎంపీ ఓటే.

1967లో జనం ఓట్లతో గెలిచిన మా మొదటి ఎంపీ కాంగ్రెస్‌కు చెందిన కె.ఆర్. గణేశ్. ఆ మేలోనే రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. జాకిర్ హుస్సేన్ మీద ప్రతిపక్షాలు నిలబెట్టింది మన కోకా సుబ్బారావు గారిని. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ఆయన బరిలోకి దిగారు. ఓడిపోయారు గానీ 3,63,971 ఓట్ల విలువ తెచ్చుకున్నారు. రాష్ట్రపతి పదవికి నిజమైన పోటీ అంటే ఏమిటో దేశం చూసింది అప్పుడే.

రెండేళ్లకు జాకిర్ హుస్సేన్ చనిపోవడంతో మళ్లీ ఎన్నిక. ఆ 1969 ఆగస్టు నాకు బాగా గుర్తు. ఛాథం మిల్లు క్వార్టర్లలో రేడియో ఉన్న ఇంటి ముందు తెలుగువాళ్లంతా గుమిగూడారు. ప్రధాన పోటీదారులు ఇద్దరూ మనవాళ్లే మరి: కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి, ఇందిరాగాంధీ ‘అంతరాత్మ ప్రబోధం’ అంటూ లోపాయికారీగా నిలబెట్టుకున్న బరంపురం వి.వి. గిరి. గిరి గెలిచారు. కొన్ని నెలల్లోనే కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది. పెద్దవాళ్లు ఆ రాత్రి మాట్లాడుకున్నది మనవాళ్ల గురించే. ఆ పోటీ వెనక నడిచిన డబ్బు కథ నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు.

అది అంతకు పన్నెండేళ్ల ముందు మొదలైన కథ. 1957లో టాటా ఉక్కు కంపెనీ రాజకీయ పార్టీలకు చందాలిచ్చేలా తన నిబంధనలు మార్చుకోవడానికి బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా చట్టం ఒప్పుకుంటోంది కాబట్టి అనుమతించారు. అయితే ఈ డబ్బు పెరిగి పెరిగి ప్రజాస్వామ్యానికే ఉరి బిగించే ప్రమాదం ఉందని అదే తీర్పులో హెచ్చరించారు. 1960ల మొదట్లో జె.ఆర్.డి. టాటా ఇకపై కాంగ్రెస్‌తో పాటు స్వతంత్ర పార్టీకీ విరాళం ఇస్తామని నెహ్రూకే తెలియజేశారు. ఆ పార్టీ అధ్యక్షుడు మన ఎన్.జి. రంగా. అధికారంలో ఉన్నవారికీ ఎదిరించేవారికీ ఒకే చేత్తో ఇవ్వడం ఇక్కడ అంత పాత అలవాటు. 1967లో స్వతంత్ర పార్టీ 44 లోక్‌సభ స్థానాలు గెలిచేసరికి ఇందిరమ్మ మేలుకున్నారు. 1969 మేలో కంపెనీల చందాలను చట్టం పూర్తిగా నిషేధించింది. జూలైలో 14 బ్యాంకులు ప్రభుత్వపరం. ఆగస్టులో గిరి గెలుపు. మూడు నెలల్లో మూడు దెబ్బలూ ఒకే వర్గం మీద పడ్డాయి.

నిషేధం వల్ల డబ్బు ఆగలేదు, చెక్కు నుంచి సూట్‌కేసుకు మారింది. 1985లో రాజీవ్‌గాంధీ ప్రభుత్వం సగటు లాభంలో 5 శాతం పరిమితితో చందాలను మళ్లీ అనుమతించింది. 2013 కంపెనీల చట్టం దాన్ని 7.5 శాతం చేసింది.

మా దీవుల్లో మాత్రం కంపెనీలకు ఎన్నికలతో పని పడేది కాదు. అది మిల్లు పెరట్లో పెరిగిన నాకు కళ్ల ముందు జరిగింది. అడవిలో గర్జన్, పడాక్ చెట్లను నరికి ఏనుగులతో ఒడ్డుకు లాగించేవారు. దుంగలను తెప్పలుగా కట్టి సముద్రం మీద ఛాథానికి తెచ్చేవారు. ప్రతి దుంగ చివరా సుత్తితో కొట్టిన ముద్ర ఉండేది, ఏ అడవిదో ఎవరి లెక్కలోదో అది చూసి చెప్పేవారు నాన్న. ఉప్పునీళ్లు కారుతున్న పడాక్ దుంగను కోస్తే లోపల ఎర్రగా, కుంకుమ కలిపినట్టు ఉండేది. ఆ పొడి ఆయన చొక్కాల మీద ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. ఛాథం 1883 నాటి ప్రభుత్వ మిల్లు. దాని చుట్టూ ప్రైవేటు లైసెన్సులు పెరిగాయి. 1950ల మొదట్లోనే ఉత్తర అండమాన్ అడవులు కలకత్తాకు చెందిన పి.సి. రే కంపెనీ చేతికి దీర్ఘకాలిక లైసెన్సు మీద వెళ్లాయి. తర్వాత అగ్గిపుల్లల కర్రకు విమ్కో, బాంబూఫ్లాట్‌లోనూ బకుల్తలాలోనూ ప్లైవుడ్ మిల్లులు వచ్చాయి. ఈ లైసెన్సుల్లో ఏ ఒక్కటీ మేం ఓటేసిన సభ ముందుకు రాలేదు, ఎందుకంటే అలాంటి సభే లేదు. సంతకం ఢిల్లీలోనో చీఫ్ కమిషనర్ బల్ల మీదో జరిగిపోయేది.

మా ఓటు ఏం చేసిందో కూడా చెప్పాలి. 1977లో ఉత్తరాది అంతా కాంగ్రెస్‌ను ఊడ్చేస్తే, ఆంధ్రప్రదేశ్ 42లో 41 సీట్లు దానికే ఇచ్చింది. ఆ మిగిలిన ఒక్కటి, నంద్యాల, గెలిచింది జనతా పార్టీ నుంచి సంజీవరెడ్డి. అదే ఏడాది ఆయన పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. మేమూ ఆంధ్ర దారిలోనే నడిచాం. కాంగ్రెస్ మనిషి మనోరంజన్ భక్త 1977 నుంచి 1998 దాకా వరుసగా ఏడు ఎన్నికలు గెలిచారు. 1999లో బీజేపీ నుంచి విష్ణుపద రే. 2004లో మళ్లీ భక్త, 2009, 2014ల్లో మళ్లీ రే. 2019లో కాంగ్రెస్ నుంచి కుల్దీప్ రాయ్ శర్మ కేవలం 1,407 ఓట్ల తేడాతో. 2024లో తిరిగి రే, 24,396 ఓట్ల ఆధిక్యంతో. అటూ ఇటూ ఇన్నిసార్లు మార్చినా, చెట్ల నరికివేతకు అడ్డుకట్ట పడింది ఓటు వల్ల కాదు. స్వచ్ఛంద సంస్థలు కోర్టుకెళితే, శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక మీద సుప్రీంకోర్టు 2002 మే 7న ఇచ్చిన ఉత్తర్వు వల్ల.

టీచరుగా నేను చాలా ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసరు డ్యూటీ చేశాను. క్యూలో మన ఉత్తరాంధ్ర పెద్దవాళ్లు తారసపడేవారు. జంగ్లీఘాట్‌లో ఓ మత్స్యకారుడు వేలికి సిరా పూయించుకుంటూ, “ఏ గుర్తు నొక్కితే ఓడ టిక్కెట్టు దొరుకుతాది మాస్టారూ?” అని అడిగాడు. వేళాకోళం కాదు. విశాఖలో తల్లి మంచాన ఉంది, ఓడలో చోటు లేదు. ఆ సమయంలో నేను నోరు విప్పకూడదు కాబట్టి విప్పలేదు. 2014లో మా దీవుల్లో పోలింగ్ 70 శాతం దాటింది. 2019లో 65కు, 2024లో 64కు దిగింది. ఇళ్లలో కూర్చుండిపోయిన వాళ్లను బద్ధకస్తులంటే నేను ఒప్పుకోను. రెండు పార్టీలనూ ఇరవై అయిదేళ్లు మార్చిమార్చి చూసినవాళ్లు వాళ్లు.

పై స్థాయిలో ఆ రెండు పార్టీలూ డబ్బు దగ్గర ఎలా కలిసిపోయాయో రికార్డుల్లోనే ఉంది. వేదాంత గ్రూపు కంపెనీల నుంచి చందాలు తీసుకుని కాంగ్రెస్, బీజేపీ రెండూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. తర్వాత 2016, 2018 ఫైనాన్స్ చట్టాల్లో ఆ చట్టాన్నే వెనకటి తేదీ నుంచి సవరించి రెండింటినీ గట్టెక్కించారు. 2017లో లాభంలో 7.5 శాతం పరిమితి ఎత్తేశారు, 2018లో ఎన్నికల బాండ్లు తెచ్చారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ బాండ్లు రాజ్యాంగ విరుద్ధమంది. జాబితా బయటికొస్తే, ఎక్కువ బాండ్లు కొన్నవారిలో రెండో స్థానం హైదరాబాద్ మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. అందులో బీజేపీకి, బీఆర్‌ఎస్‌కు, ఇటు వైసీపీకి, అటు తెలుగుదేశానికి కూడా వెళ్లాయి. ఆంధ్రలో ఉప్పూ నిప్పులా ఉండే రెండు పార్టీలకూ ఒకే ఇంటి నుంచి చందా అందిందని చదివిన రోజు నాకు నిజంగా బాధేసింది.

ఇప్పుడు గ్రేట్ నికోబార్. గలాతియా బేలో ఓడరేవు, దానితో విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం: నీతి ఆయోగ్ ఆలోచన, 72,000 కోట్ల అంచనా, 166 చదరపు కిలోమీటర్లు, అందులో 130 దాకా అడవి. తాబేళ్లు గుడ్లు పెట్టే గలాతియా బే అభయారణ్యం హోదాను 2021 జనవరిలోనే తీసేశారు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. అదే నెలలో అక్కడి గిరిజన మండలి తామిచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకుంది. ఫైలు ఆగలేదు. ఆ అడవిలో ఉండే షాంపెన్ జాతి 2011 జనాభా లెక్కల్లో 229 మంది. 2024 ఏప్రిల్ 19న ‘షాంపెన్ హట్’ అనే 411వ పోలింగ్ కేంద్రంలో వారిలో ఏడుగురు మొదటిసారి ఓటేశారు. పేపర్లన్నీ ఫొటో వేసి మురిసిపోయాయి. ఆ ఏడుగురి ఓటుకూ ఆ రేవుకూ సంబంధం ఉండాలని ఏ చట్టంలోనూ లేదు. అది నాకు మింగుడుపడటం లేదు. 2024లో కాంగ్రెస్ నేత జైరాం రమేశ్ పర్యావరణ మంత్రికి లేఖ రాశారు, మంచి పనే. కానీ ఆ పార్టీ ఏలుబడిలో పడాక్ దుంగలు వెళ్లిపోతున్నప్పుడు ఇలాంటి లేఖ ఎవరు రాశారు?

మా తెలుగువాళ్లు, 2011 లెక్కల ప్రకారం దీవుల్లో నూటికి 13 మందికి పైగా, విసిగి వేరే దారీ చూశారు. 2022 పోర్ట్ బ్లెయిర్ మున్సిపల్ ఎన్నికల్లో 24 వార్డుల్లో రెండు పెద్ద పార్టీలకూ మెజారిటీ రాకుండా, తెలుగుదేశాన్ని రెండు చోట్ల గెలిపించారు. 2023 మార్చిలో ఆ పార్టీకి చెందిన ఎస్. సెల్వి ఛైర్‌పర్సన్ అయ్యారు, బీజేపీ మద్దతుతో. కొళాయి, కాలువ, వీధిదీపం దాకా ఆ సభ చెప్పినట్టు నడుస్తుంది. అడవి, రేవు, ఓడ దాని పరిధిలోవి కావు.

పుదుచ్చేరికి 1963 చట్టంతో శాసనసభ వచ్చింది. 2011లో ఆరు లక్షల పైచిలుకు జనం ఉన్న సిక్కింకు 32 మంది ఎమ్మెల్యేలున్నారు. మేం 3.8 లక్షలం. పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చడానికి ఢిల్లీకి ఒక్క ప్రకటన సరిపోయింది. శాసనసభ మాట మాత్రం దశాబ్దాలుగా వినతిపత్రాల్లోనే ఉంది. 2027 జూలై నాటికి మళ్లీ రాష్ట్రపతి ఎన్నిక జరగాలి. ఆ ఎన్నికలో ఓటేసే మా ఎంపీ దగ్గరికి మా కాలనీ వాళ్లం సంతకాలతో వెళ్లాలనుకుంటున్నాం. అడగబోయేవి రెండే: దీవులకు శాసనసభ, అది వచ్చేదాకా గలాతియా బేలో ఏ కంపెనీకి ఏ కాంట్రాక్టు ఇచ్చినా దాని కాగితాలు తెలుగు, బెంగాలీ, తమిళం, హిందీ, నికోబారీల్లో ముందుగా మా పంచాయతీలకు, గిరిజన మండళ్లకు చేరాలి.