ఎలక్ట్రానిక్స్ అభ్యాసం: తొలి దశ

ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ నేర్చుకోబోయేవారు సాధారణంగా ఎల్‌ఈడీ వెలిగించడంతో మొదలుపెడతారు. 9 వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్‌ఈడీని నేరుగా తగిలిస్తే అది మాడిపోవచ్చు. దానికి కావలసింది సుమారు 2 వోల్టులే. తక్కిన 7 వోల్టులకు వరుసలో ఒక రెసిస్టర్ ఉండాలి. 470 ఓమ్‌లది (పసుపు, ఊదా, గోధుమ రంగు పట్టీలు) పెడితే కరెంటు 15 మిల్లీఆంపియర్ల దగ్గర నిలుస్తుంది. 7ను 470తో భాగించడమే లెక్కంతా.

ఈ చిన్న భాగహారం వెనకున్న సూత్రం, దాన్ని కనిపెట్టిన జార్జ్ ఓమ్‌కు తేలిగ్గా చిక్కలేదు. జర్మనీలోని కొలోన్‌లో పాఠాలు చెప్పుకుంటూనే ఆయన రకరకాల తీగలతో ప్రయోగాలు చేశాడు. అప్పటి రసాయన బ్యాటరీల వోల్టేజికి నిలకడ లేదు, కొలత ముగిసేలోగా మారిపోయేది. దాంతో వాటిని పక్కనపెట్టి, బిస్మత్, రాగి కలిసే అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీటి వేడిలో, మరొకదాన్ని మంచులో ఉంచి స్థిరమైన విద్యుత్తు రాబట్టాడు. 1827లో ఈ సూత్రంపై ఆయన పుస్తకం వచ్చినప్పుడు స్వదేశంలో ఆదరణ అంతంతమాత్రమే. లండన్ రాయల్ సొసైటీ మాత్రం 1841లో కోప్లీ పతకం ఇచ్చి గౌరవించింది.

సూత్రం వల్లె వేసినవారు సైతం మల్టీమీటర్ దగ్గర తడబడతారు. వోల్టేజిని రెసిస్టర్ రెండు కొసల మధ్య కొలవాలి. కరెంటు కొలవాలంటే సర్క్యూట్‌ను ఒకచోట విప్పి, ఆ ఖాళీలో మీటరును కలపాలి. మిల్లీఆంపియర్ల మీద ఉన్న మీటరును బ్యాటరీ కొసలకు ఆనిస్తే లోపలి ఫ్యూజు ఎగిరిపోవచ్చు. ఇంటి 230 వోల్టుల జోలికి ఈ దశలో వెళ్లకూడదు.

తర్వాతి పాఠానికి 555 టైమర్ చిప్‌ను మించినది లేదనే చెప్పాలి. స్విట్జర్లాండ్‌లో పుట్టిన హాన్స్ కామెన్‌జిండ్ దీన్ని 1971లో అమెరికా కంపెనీ సిగ్నెటిక్స్ కోసం రూపొందించాడు. కెపాసిటర్ వోల్టేజి సరఫరాలో మూడో వంతుకు, మూడింట రెండు వంతులకు మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటే, ఆ లయకే అవుట్‌పుట్ మారుతుంది. 10 కిలోఓమ్, 68 కిలోఓమ్ రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ బ్రెడ్‌బోర్డు మీద అమర్చితే ఎల్‌ఈడీ దాదాపు సెకనుకోసారి మిణుకుమంటుంది. 68 తీసి 33 పెడితే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. హైదరాబాద్‌లో ఇలాంటి విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ పేరుమోసింది.

ఈ రంగంలోనే చదువు కొనసాగించాలంటే, పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమాలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లవచ్చు. ఇంటర్ చదివినవారికి ఈఏపీసెట్ ఉంది. ఐఐటీ, ఐఐఎస్‌సీ ఆచార్యుల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా దొరుకుతాయి, అయితే వాటికి కలనగణితం వచ్చి ఉండాలి.