పోడు, ప్రతిఫలం, పరిణామవాదం

అరకు కొండల్లో పోడుకొట్టే గిరిజనుణ్ణి అడవికి శత్రువనడం మన చదువుకున్నవారికి అలవాటైపోయింది. ఈ మాట వెనుక ఒక అర్థశాస్త్రముంది. దానికి జీవశాస్త్రపు సాక్ష్యం కూడా తెచ్చిపెట్టారు. ఆ రెండింటి బంధుత్వాన్ని పరిశీలించడం అవసరమని నేననుకుంటాను.

జనం పెరిగినంత వేగంగా తిండి పెరగదని 1798లో మాల్థస్ అన్నాడు. సాగు నాసినేలలకు పాకేకొద్దీ శ్రమకు ఫలం తగ్గుతుందనీ, మంచినేల యజమానికి కౌలు పెరుగుతుందనీ 1817లో రికార్డో వాదించాడు. 1838లో డార్విన్ మాల్థస్‌ను చదివి ప్రకృతివరణానికి దారి కనుగొన్నాడు. డార్విన్ జంతులోకంలో ఇంగ్లండు సమాజాన్నే, దాని పోటీనే మళ్ళీ చూశాడని 1862లో మార్క్స్ ఎంగెల్సుకు రాశాడు. ఇంతమాత్రాన డార్విన్ సిద్ధాంతం అబద్ధం కాదు. సమాజంనుంచి ప్రకృతికి వెళ్ళిన మాటను తిరిగి తెచ్చి, ప్రకృతి శాసనమని పేదవాడికి అంటగట్టడమే మోసం.

1976లో ఎరిక్ చార్నోవ్ ఉపాంత ఫలాల లెక్కను జంతువుల మేతకు వర్తింపజేశాడు. ఉన్నచోట దొరికేది, దారికాలంతో సహా లెక్కించిన ఆ ప్రాంతపు సగటుకు దిగగానే జంతువు కదలాలి. కొత్తచోటు దూరమైతే పాతచోటే ఎక్కువసేపు నిలవాలి.

పోడులోనూ ఈ పోలిక కనిపిస్తుంది. కాల్చిన కొమ్మల బూడిద సామకూ చోడికీ కందికీ బలమిస్తుంది. రెండు మూడేళ్ళకు సారం తగ్గి, కలుపు పెరిగి, ఫలం క్షీణిస్తుంది. రైతు చేను వదులుతాడు. కాని మేకకూ మనిషికీ భేదం ఇక్కడే ఉంది. అతడు బీడు విడిచేది అడవి తిరిగి లేచి నేలకు సారమివ్వడానికే. బీడు కూడా సాగులో భాగమే.

ఈ చక్రాన్ని తెంచిందెవరు? 1882 మద్రాసు అటవీచట్టం అడవిని రిజర్వుగా కట్టివేసే అధికారాన్ని సర్కారుకిచ్చింది. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన చెలరేగిన మన్యం పితూరీకి అటవీ ఆంక్షలు ఒక ముఖ్యకారణం. జనాభా ఒత్తిడి కూడా బీడుకాలాన్ని కుదిస్తుందని 1965లో ఎస్టర్ బోసెరప్ చూపిన మాట నిజమే. ఆ ఒత్తిడిలో మనిషి సాగుపద్ధతి మార్చుకుంటాడనీ ఆమే చూపింది. కాని వెళ్ళే చోటునే మూసివేస్తే, కోలుకోని చేనునే మళ్ళీ నరకడం అజ్ఞానం కాదు, లెక్క. అప్పుడు పడిపోయే దిగుబడి ప్రకృతి సూత్రం కాదు, కంచె ఫలం.

2006 అటవీహక్కుల చట్టం వ్యక్తిగత హక్కును స్వాధీనంలో ఉన్న భూమికే, 4 హెక్టార్లకు మించకుండా గుర్తిస్తుంది. విత్తనం పడిన చేను ఒక్కటే స్వాధీనమా, కోలుకుంటున్న బీడు కూడానా? కొలిచేవాడి గొలుసు ఎక్కడ ఆగుతుందన్నదే గిరిజనుడి రేపటి తిండిని నిర్ణయిస్తుంది.