పాడినవారి పేరు

రేడియోలో పాట అయిపోగానే అనౌన్సరు ఒక చిన్న మాట చెప్పేవారు, గుర్తుందా? "పాడినవారు ఫలానా, రచన ఫలానా, సంగీతం ఫలానా" అని. పాటంతా చక్కగా వినిపించేది. సరిగ్గా ఆ పేరు చెప్పే వేళకే మూకుట్లో ఆవాలు చిటపటమనేవి, లేదంటే గుమ్మంలో పాలవాడు కేకేసేవాడు. పేరు కాస్తా గాలిలో కలిసిపోయేది. "ఎవరే పాడిందీ?" అని ఆ గదిలోంచి ఒకరు, "నాకూ వినపడలేదు" అని ఈ గదిలోంచి ఒకరు. ఏ ఇంట్లో అడిగినా ఇదే కథ.

ఆ ఒక్క పేరు గాలిలోకి ఎక్కడానికి ఎన్ని గడపలు దాటాల్సి వచ్చిందో తెలిసి ఉంటే, పోపు ఒక్క నిమిషం ఆపి వినేవాళ్ళమేమో! మన ఊళ్ళలో పాటకు ఎప్పుడూ కరువు లేదు. సన్నాయి మేళాలు, భజన బృందాలు, బుర్రకథ దళాలు, నాటక సమాజాలు - ఏ ఊరికి ఆ ఊరి సంగీతం ఉండేది. పెళ్ళికీ జాతరకూ ఊరంతా వినేది. అదే పాట పక్క జిల్లాలో వినిపించాలంటే మాత్రం రేడియో గడప తొక్కాలి. అక్కడ కాపలావాళ్ళు ఉండేవారు.

ముందు ఆ గడప ఎక్కడుండేదో చెప్పుకుందాం. 1924లో మద్రాసులో కొందరు ఉత్సాహవంతులు ఒక రేడియో క్లబ్బు పెట్టుకున్నారు. డబ్బు చాలక అది మూతపడ్డాక, 1930లో మద్రాసు కార్పొరేషను ప్రసారాలు సాగించింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలైంది. కోస్తా, సీమ జిల్లాల తెలుగువాళ్ళకు చాలాకాలం అదే దిక్కు. అటు హైదరాబాదులో దక్కన్ రేడియో 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. అందులో పెద్దపీట ఉర్దూది. మనకంటూ విజయవాడ కేంద్రం వచ్చింది 1948 డిసెంబరు 1న. హైదరాబాదు కేంద్రం 1950లో ఆకాశవాణిలో కలిసింది. కడప, విశాఖపట్నాలకు 1963 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే విజయనగరంలోనో ప్రొద్దుటూరులోనో పాడే మనిషికి రేడియో అంటే రైలు ప్రయాణమన్నమాట.

సరే, రైలెక్కి వెళ్ళారే అనుకోండి. అక్కడ గడప బయట నిలబెట్టినవాటిలో ముందుగా ఒక పెట్టె కథ చెబుతాను. అదే మన హార్మోనియం పెట్టె. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. అది పరదేశపు వాద్యం, దాని మెట్ల మీద గమకం పలకదు, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉండే సన్నటి స్వరాలు అసలే పలకవు, మన సంగీతాన్ని పాడుచేస్తోంది - ఇదీ నేరారోపణ. అప్పట్లో రేడియోకు పెద్ద దొర లయొనెల్ ఫీల్డెన్ అనే ఆంగ్లేయుడు. హార్మోనియం పరదేశపు వాద్యమని ఒక దొరగారి హయాంలో వెళ్ళగొట్టడం చూస్తే నవ్వొస్తుంది గానీ, రవీంద్రనాథ్ ఠాగూరు కూడా ఆ నిషేధాన్ని మెచ్చుకున్నారు.

శాస్త్రం ప్రకారం చూస్తే అది తప్పు మాట కాదు. వీణ పలికే గమకాన్ని హార్మోనియం పలకలేదు, నిజమే. కాని మన నాటకాల వాళ్ళని అడగండి. హార్మోనిస్టు శ్రుతి అందుకోకపోతే పద్యం నోట్లోంచి బయటికే రాదు. హార్మోనియం లేని పద్యం ఉప్పులేని పప్పే. హరికథకు అదే, భజనకు అదే, ఆడపిల్లకు ఇంట్లో నాలుగు పాటలు నేర్పించే మాస్టారికీ అదే. వీణ కొనలేని ఇంట్లో కూడా ఒక పాత పెట్టె ఉండేది. పెట్టెని బయట పెట్టమంటే, దాన్ని నమ్ముకుని పాడేవాళ్ళందరినీ కాస్త ఆగమన్నట్టే కదా! ఆ నిషేధం సడలడానికి 1970లు రావాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళంటే మాటలా? ఒక తరం హార్మోనిస్టులకు తలలు నెరిసిపోయాయి.

రెండో కాపలా ఇంకా కటువైనది. అది వాద్యాన్ని కాదు, ఆడదాని పుట్టింటిని ఆరా తీసింది. గ్రామఫోను వచ్చిన కొత్తలో కొమ్ము ముందు కూర్చుని పాడటానికి సంసారుల ఇళ్ళ ఆడవాళ్ళు జంకేవారు. ధైర్యంగా ముందుకొచ్చి పాడినవారు కలవంతుల కుటుంబాల స్త్రీలు. 1902లో కలకత్తాలో పాడిన గౌహర్ జాన్ అలాంటి గాయనే. మన ముద్దుపళని కావ్యాన్ని 1910లో అచ్చువేయించి, తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ కూడా ఆ కులంలో పుట్టిన విదుషీమణే. తరతరాలుగా సంగీతాన్ని కాపాడిన ఇళ్ళవి. రేడియో వచ్చిన కొత్తలో వాళ్ళే పాడారు. 1946లో సర్దార్ పటేల్ సమాచార శాఖ చూస్తున్నప్పుడు, సొంత జీవితం నలుగురి నోళ్ళలో పడ్డ స్త్రీలకు రేడియోలో చోటు ఉండకూడదన్నారు. ఆ వేటు పడింది ఈ వర్గం గాయనుల మీదే. పాట బాగుందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఆ పాటలు నేర్చుకున్న గౌరవనీయుల ఇళ్ళ అమ్మాయిలకు తలుపు తెరుచుకుంది, నేర్పినవాళ్ళకు మూసుకుంది. మగ విద్వాంసుల సొంత జీవితాలను అంత శ్రద్ధగా ఎవరూ ఆరా తీసినట్టు కనపడదు. ఇది నాకు కొత్తగా అనిపించలేదు, మీకూ అనిపించదు.

మూడో కాపలా మనందరికీ తెలిసినదే - ఆడిషను. 1952లో కేస్కర్ గారు మంత్రి అయ్యాక దేశమంతటా ఒక పద్ధతి పెట్టారు. పాడేవాళ్ళు స్టూడియోలో పాడతారు. పరీక్షించేవాళ్ళు మరో గదిలో కూర్చుని వింటారు. మొహం కనపడదు. నెగ్గినవాళ్ళకు బి, బి-హై, ఏ, టాప్ అని గ్రేడులు. పెద్ద పెద్ద విద్వాంసులు "ఈ వయసులో మాకు పరీక్షలేమిటి?" అని అలిగారు. అయితే ఇందులో ఒక మంచి ఉందని ఒప్పుకోవాలి. సిఫార్సు లేని అమ్మాయికి, ఏ ఊరో ఎవరికీ తెలియని అమ్మాయికి, గొంతు ఒక్కటే పెట్టుబడిగా లోపలికి వెళ్ళే దారి దొరికింది. పోస్టులో కాంట్రాక్టు కాగితం, ఆ వెనక చెక్కు! పెళ్ళిచూపుల్లో "మా అమ్మాయి రేడియో ఆర్టిస్టు" అంటే ఆ దర్జాయే వేరు.

నెగ్గనివాళ్ళ మాట? మా మేనత్త ఒకావిడ ఉండేది. మంగళహారతులు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు - పెళ్ళి మొదలు పురుడు దాకా దేనికి దానికి పాట ఉండేది ఆవిడ దగ్గర. నలుగురూ పొగిడితే ఒకసారి ఆడిషనుకు వెళ్ళింది. తాళం బాగా తెలిసినవాళ్ళ మధ్య కూర్చునేసరికి ఆవిడకి కాళ్ళు వణికాయట. కొన్నాళ్ళకి ఎంపిక కాలేదని రెండు లైన్ల కార్డు వచ్చింది. ఆ తర్వాత ఆవిడ నలుగురిలో పాడటం మానేసింది. ఆవిడ పోయాక మేమంతా కూర్చుని గుర్తు చేసుకుంటే, అందరం కలిసి మూడు పాటలు పూర్తి చేయగలిగాం. మిగతావి ఆవిడతోనే వెళ్ళిపోయాయి. పరీక్ష పెట్టినవారిది తప్పని నేననను. శాస్త్రీయ సంగీతాన్ని తూచే త్రాసులో హారతి పాట తూగదు, అంతే.

కేస్కర్ గారి కాలంలోనే సినిమా పాటలకూ కత్తెర పడింది. జనం ఊరుకుంటారా? రేడియో ముల్లు సిలోను వైపు తిప్పేశారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టింది. అయితే సినిమా పాట లేని ఆ చోటుని నింపాలన్న పట్టుదల వల్లనే మనకు మేలైన లలిత సంగీతం దక్కింది. విజయవాడ కేంద్రం నుంచి బాలాంత్రపు రజనీకాంతరావు గారు, బాలమురళీకృష్ణ గారు, ఓలేటి వెంకటేశ్వర్లు గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు వినిపించిన పాటలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. తెల్లవారితే భక్తిరంజని. 'ఈ మాసపు పాట' వస్తుంటే నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని కూర్చున్న ఆడపిల్లలు ఎందరు! అంతకు ముందే, కాకినాడ నుంచి వెళ్ళిన వింజమూరి అక్కచెల్లెళ్ళు అనసూయ, సీత పల్లెపాటలను సేకరించి, మద్రాసు రేడియోలో పాడి, వాటికి పెద్దమనుషుల మధ్య కుర్చీ వేయించారు. ఈ మేలు మరవలేనిది.

కాని ఒకటి గమనించారా? పల్లెపాట వచ్చినప్పుడు అనౌన్సరు "జానపద గీతం, పాడినవారు ఫలానా" అనేవారు. పాడిన గాయని పేరు వచ్చేది. ఆవిడకి ఆ పాట చెప్పిన నాట్లు వేసే మనిషి పేరు, విసుర్రాయి దగ్గర ముసలమ్మ పేరు చాలాసార్లు వచ్చేది కాదు. పాట గడప దాటింది. పాటగత్తె గట్టు మీదే ఉండిపోయింది.

ఆ గట్టు మీది మనిషే వచ్చి మైకు పట్టుకుంటే? ఆ ముచ్చటా మన నేలమీదే జరిగింది. మెతుకుసీమలో, జహీరాబాదు దగ్గర మాచునూరు అనే పల్లె. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని ఆడవాళ్ళు - ఎక్కువమంది దళితులు, జొన్నలు, సజ్జలు పండించుకునేవాళ్ళు - మాకొక రేడియో కావాలన్నారు. యునెస్కో సాయంతో 1998 ప్రాంతంలో స్టూడియో అమరింది, పరికరాలు వచ్చాయి. రాలేదల్లా అనుమతి ఒక్కటే! పదేళ్ళపాటు వాళ్ళేం చేశారో తెలుసా? పాటలూ మాటలూ టేపుల్లో ఎక్కించి, ఊరూరా సంఘం కూటాల్లో టేపురికార్డరు పెట్టి వినిపించారు. గాలి ఇవ్వకపోతే నడిచివెళ్ళి వినిపించారన్నమాట.

అంతకు ముందే ఒక తమాషా జరిగింది. ఒక క్రికెట్ పోటీ ప్రసారం గురించి వచ్చిన తగాదాలో 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అంది. మగవాళ్ళు క్రికెట్ చూస్తూ కాఫీలు అడిగినప్పుడల్లా విసుక్కుంటాం గాని, ఈ ఒక్క మేలు మాత్రం క్రికెట్ ఖాతాలో రాయాల్సిందే. 2006లో స్వచ్ఛంద సంస్థలు కూడా రేడియో పెట్టుకోవచ్చని ప్రభుత్వం అంది. 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' గాలిలోకి ఎక్కింది. చుట్టుపక్కల పల్లెల వరకే అది వినపడేది. విత్తనాల మాటలు, పండగల ముచ్చట్లు, బతుకమ్మ పాటలు - అన్నీ వాళ్ళ యాసలోనే. పరీక్షించే పెద్దలు పక్క గదిలో లేరు. పాడిన మనిషి పేరు, ఆమె ఊరి పేరు తెలిసినవాళ్ళే మైకు దగ్గర కూర్చున్నారు. గడప కాపలా ఆ ఇంటివాళ్ళ చేతికే వచ్చింది.

ఇప్పుడసలు గడపే లేదంటున్నారు. చేతిలో ఫోనుంటే చాలు, ఎవరి పాటైనా, ఎవరి కబురైనా పాడ్‌కాస్టుగా పెట్టి ప్రపంచానికి వినిపించవచ్చు. హార్మోనియం కూడదనేవాళ్ళు లేరు, పుట్టింటిని ఆరా తీసేవాళ్ళు లేరు, కార్డు ముక్క రాదు. సంతోషమే. కాని నాకొక సందేహం. రేడియో తనంతట తానే వంటింట్లోకి వచ్చేది. వద్దన్నా మన చెవిన పడేది. అలా చెవిన పడే కదా, ఎవరో ఎరగని గాయని మన ఇంటి మనిషైంది! పాడ్‌కాస్టు అలా రాదు. మనమే వెతుక్కుంటూ వెళ్ళాలి. వెతకాలంటే పేరు తెలియాలి. "ఆ ఊళ్ళో ఎవరో ముసలమ్మ పాడుతుంది" అని ఫోనుకి చెబితే అదేం వెతుకుతుంది పాపం? ఒకప్పుడు మంత్రులూ, దొరలూ, పరీక్షాధికారులూ చేసిన పనిని ఇప్పుడు పేరులేనితనం చేస్తోంది. తలుపు బార్లా తెరిచే ఉంది, కాని లోపల ఎవరున్నారో వీధిలోవాళ్ళకి తెలియడం లేదు.

అందుకని, మనకు చేతనైన పని ఒకటుంది. మీ అత్తగారో, పెద్దమ్మో, పనిలో సాయం చేయడానికి వచ్చే ముసలావిడో పాడుతుంటే ఫోనులో ఎక్కించుకోండి. పిల్లలకు పంపితే వాళ్ళే ఎక్కడ పెట్టాలో పెడతారు. అది వాళ్ళకి చిటికెలో పని. మీ ఊరి భజన బృందం పాట వాళ్ళెవరో పెడితే, విని మరో నలుగురికి చెప్పండి. ఎక్కించేటప్పుడు మాత్రం ముందుగా వాళ్ళ చేతే మూడు మాటలు చెప్పించండి: పేరు, ఊరు, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి పేరు. సిగ్గుపడతారు. "నా పేరెందుకమ్మా, పాట చాలదూ?" అంటారు. చాలదని చెప్పండి.