పాదాల దగ్గరి నేల

దూరపు కొండలు నునుపు అంటారు పెద్దలు. కంప్యూటరుతో ప్రకృతి దృశ్యాలను సృష్టించినవారి చరిత్ర చదువుతున్నప్పుడల్లా నాకు ఈ సామెతే గుర్తుకు వస్తుంది. వారికి దూరపు కొండలు తొందరగానే చిక్కాయి. పాదాల దగ్గరి గడ్డి మాత్రం చాలాకాలం చిక్కలేదు. ఎందుకు చిక్కలేదో, చిక్కిన తరువాత అందులో మన నేలకు దక్కిన చోటెంతో ఆలోచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొండల కథ చిన్నది. 1975లో బెన్వా మాండెల్‌బ్రాట్ ‘ఫ్రాక్టల్’ అనే మాటను పుట్టించాడు. కొండ నుంచి ఒక రాయిని తీసి చూస్తే అదీ చిన్న కొండలాగే కనిపిస్తుందన్నది అందులోని కీలకం. లోరెన్ కార్పెంటర్ 1980లో ‘వోల్ లిబ్ర్’ అనే రెండు నిమిషాల చిత్రంలో ఈ సూత్రంతోనే పర్వతశ్రేణులను చూపించాడు. ఒక త్రిభుజం భుజాలను మధ్యలో విరిచి, ఆ బిందువులను కాకతాళీయంగా కాస్త పైకో కిందికో జరిపి, వచ్చిన చిన్న త్రిభుజాలకు మళ్ళీ అదే పని చేస్తూ పోవడం. అంతే! 1982లో వచ్చిన రెండవ ‘స్టార్ ట్రెక్’ చిత్రంలో ఒక గ్రహం మీది కొండలన్నీ ఇలా మొలిచినవే.

నేల దగ్గరికి వచ్చేసరికి ఈ ఉపాయం చాలదు. కొండకు గరుకుదనం ఉంటే చాలు, కంటికి నచ్చుతుంది. నేల మీద గులకరాయి, ఎండుటాకు, కోసిన పైరు కొయ్యకాలు, చీమలపుట్ట వేటికవే. 1985లో కెన్ పెర్లిన్ ప్రకటించిన ‘నాయిస్’ పద్ధతి మట్టికీ రాతికీ సహజమైన మరకలను ఇచ్చింది. అంతకు ముందే, 1968లో, జీవశాస్త్రవేత్త అరిస్టిడ్ లిండెన్‌మేయర్ కొమ్మ నుంచి కొమ్మ పుట్టే తీరును వ్యాకరణ సూత్రాల వలె రాసిపెట్టాడు. ధాతువు నుంచి పదాలను నిష్పన్నం చేసే పాణినిని ఎరిగిన మనకు ఈ ఆలోచన పరాయిదిగా తోచదు. 1998లో ఆలివర్ డాయిసెన్ బృందం ఒక్క మొక్కనే కాక మొక్కల సమూహాన్నంతా, చోటు కోసం అవి పడే పోటీతో సహా, చూపించే మార్గం చెప్పింది. ఒకే మొక్క ప్రతిని కాస్త తిప్పి, కాస్త పెంచి వేలచోట్ల నిలబెట్టడం వారి పొదుపు. దూరం నుంచి అది అడవే. దగ్గరికి వెళ్తే అదే ఆకు, అదే చిరుగు!

చివరికి సూత్రాలను కాస్త పక్కనపెట్టి కెమెరా పట్టుకుని నేల మీదికే దిగారు. ఒకే రాయిని చుట్టూ తిరిగి వందల ఫొటోలు తీసి, వాటినుంచి దాని ఆకారాన్ని లెక్కగట్టే విధానం వచ్చింది. స్వీడన్‌కు చెందిన క్విక్సెల్ సంస్థ ఇలాంటి నేలలతో, రాళ్ళతో, ఆకులతో పెద్ద భాండాగారమే నిర్మించింది. 2019లో ఎపిక్ సంస్థ దాన్ని కొనుక్కుంది. అదే ఏడు వచ్చిన వారి ‘రీబర్త్’ లఘుచిత్రంలోని శిలలు ఐస్‌లాండువి. అంటే, ఎవరు ఏ నేలకు నడిచి వెళ్తే ఆ నేలే తెరకెక్కుతుంది.

ఇలా నేలకు దిగి మొక్కను మొక్కగా చూసిన పని మన తెలుగునాట రెండు శతాబ్దాల కిందటే జరిగింది. సామర్లకోటలో ఉండగా విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారుల చేత కోరమాండల్ తీరపు మొక్కలను గీయించాడు. ఆకు ఈనె, పువ్వులోని భాగాలు, కాయ కోత, అన్నీ విడివిడిగా. తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో ఆ గ్రంథం లండనులో వెలువడింది. మన కలంకారీ తీగ అందమైనదే, కానీ అది ఏ తోటలోనూ పూయదు. సామర్లకోట చిత్రకారుడు గీసినది ఫలానా మొక్క.

మన సినిమాలోనూ కెమెరా కిందికి దిగిన సందర్భం ఉంది. 2012 నాటి ‘ఈగ’లో హైదరాబాదుకు చెందిన మకుట సంస్థ ఈగ ఎత్తు నుంచి లోకాన్ని చూపించి జాతీయ పురస్కారం పొందింది. ఆ ఎత్తులో నేల నేపథ్యం కాదు, అదే రంగస్థలం.

దగ్గరి నేలకు మరో గుణం ఉంది: దానికి తేదీ ఉంటుంది. వయ్యారిభామ మన దేశంలో కలుపుగా గుర్తింపుకు వచ్చింది 1950ల నడుమ, పుణె ప్రాంతంలో. సర్కారు తుమ్మ వచ్చింది 19వ శతాబ్దంలో. కనుక 1687 నాటి గోలకొండ ముట్టడిని కల్పించే కళాకారుడు కోటగోడ కింద సర్కారు తుమ్మను మొలిపిస్తే, ఫిరంగి పక్కన సెల్‌ఫోను పెట్టినంత తప్పు. కొండ అబద్ధమాడినా ఎవరికీ తెలియదు. గడ్డి అబద్ధం మాత్రం తెలిసినవాడి కంట్లో నలుసే.

ఇదంతా హిమాయత్‌నగర్ దగ్గర నిలబడి ఆలోచిస్తే మరింత స్పష్టమవుతుంది. నేననేది నగరంలోని పేట కాదు. మొయినాబాదు మండలంలోని ఊరు. 1908 మూసీ వరద తరువాత కట్టి, 1927లో పూర్తిచేసిన హిమాయత్‌సాగర్ ఆ చేరువలోనే ఉంది. అక్కడినుంచి చేవెళ్ళ వైపు సాగే బీజాపూరు రోడ్డుకు ఇరువైపులా దాదాపు 900 మర్రిచెట్లు. నిజాముల కాలంలో నాటినవంటారు. ఒక్కో మర్రి కింద ఒక్కో నేల. రాలి నలిగిన ఎర్రటి పండ్లు, తోలులా బిరుసెక్కిన ఎండుటాకులు, వాహనాలు రేపిన దుమ్ము పట్టిన ఊడలు, అంచున వయ్యారిభామ. ఒక మర్రిని తిప్పి పెడితే ఇంకో మర్రి కాదు.

ఆ రోడ్డును వెడల్పు చేయాలన్న సంకల్పం, చెట్లను కాపాడాలన్న కోరిక ఢీకొని వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని కనీసం 19 మంది మరణించారు. ఆ ఇళ్ళ దుఃఖం ముందు చెట్ల గురించి తేలికగా మాట్లాడలేం. రోడ్డూ కావాలి, చెట్లూ కావాలి. వేరే చోటికి తరలించిన మర్రి బతికినా, దాని కింది నేల దానితో రాదు.

తెరమీది మర్రి నీడనివ్వదని నాకూ తెలుసు. అయినా ఆ నేలను నమోదు చేయడం మనకు అసాధ్యమేమీ కాదు. మబ్బు పట్టిన పూట, నీడలు గాఢంగా లేనప్పుడు, చేతిలో ఉన్న ఫోనుతోనే చెట్టు చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలో కనిపించినది తరువాతి దానిలోనూ చాలావరకు ఉండేలా తీయాలి. ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి. పక్కన తేదీ, ఊరిపేరు, మొక్కల తెలుగు పేర్లు రాయాలి. సామర్లకోట చిత్రకారులు కాగితం మీద చేసిన పని ఇదే.