స్పార్క్ ప్లగ్ ఎంపిక

పెట్రోలు కారుకు స్పార్క్ ప్లగ్ కొనేటప్పుడు మొన లోహం కన్నా ముందు చూడాల్సింది హీట్ రేంజ్, అంటే ప్లగ్ వేడిని ఎంత త్వరగా బయటికి పంపుతుందన్నది. నికెల్ 1,455, ప్లాటినం 1,768, ఇరిడియం 2,446 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతాయి. అందుకే ఇరిడియం మొనను 0.6 మిల్లీమీటర్లంత సన్నగా చేసినా త్వరగా అరగదు, తక్కువ వోల్టేజీకే నిప్పురవ్వ పుడుతుంది. మరి ఖరీదైనదే మేలు కదా అనవచ్చు. మన్నిక మటుకు నిజమే. కానీ మొన వేడి సుమారు 450 డిగ్రీలకు చేరకపోతే మసి పేరుకుంటుంది. 850 బాగా దాటితే రవ్వ పుట్టకముందే ఇంధనం అంటుకుని పిస్టన్‌కే ముప్పు. ఆ వేడిని అదుపు చేసే హీట్ రేంజ్‌ను ప్రధానంగా నిర్ణయించేది లోపలి పింగాణీ కొన పొడవు. పైగా ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌లలో హీట్ రేంజ్ అంకె పెరిగితే చల్లని (వేడిని త్వరగా వదిలే) ప్లగ్, బాష్ కంపెనీ వాటిలో వేడి ప్లగ్! అంకెలు పోల్చి మార్చకండి. కారు మాన్యువల్ చెప్పిన రకాన్నే వేయించండి.