ఖాళీ చేయించడమే నివారణగా: అనంతపురం పీఠభూమిలో శ్వాసకోశ అంటువ్యాధులు, విద్యార్థి వసతి గృహాలు

2020 మార్చి 19 నుండి ఆంధ్రప్రదేశ్‌లో విద్యాసంస్థలన్నీ మూతపడ్డాయి. అనంతపురం పట్టణంలోనూ, దానిని ఆనుకొని శింగనమల శాసనసభ నియోజకవర్గంలో చేరిన బుక్కరాయసముద్రం మండలంలోనూ ఉన్న కళాశాలల వసతి గృహాలు ఖాళీ అయ్యాయి. విద్యార్థులు నార్పల, పుట్లూరు, యల్లనూరు వంటి మండలాల్లోని తమ ఊళ్లకు మళ్లారు. కొద్ది రోజులకే బెంగళూరు కూలిపనుల నుండి వలసజీవులూ తిరిగివచ్చారు. అంటువ్యాధి అనగానే జనాన్ని ఖాళీ చేయించాలన్న పాలనాపరమైన అలవాటు ఈ ప్రాంతానికి కొత్తది కాదు. అది ఏ వ్యాధి నుండి పుట్టింది, ఏ వ్యాధులకు వర్తించింది అన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

ఈ అలవాటుకు మూలం ప్లేగు. 1896లో బొంబాయిలో ప్రబలిన ప్లేగు రైలుమార్గాల వెంట దక్కనులోకి విస్తరించింది. 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. ప్లేగు సోకిన ఊరిని విడిచి పొలాల్లో గుడిసెలు వేసుకొని కొన్ని నెలలు గడపడం అటు ప్రభుత్వం విధించిన పద్ధతి, ఇటు ప్రజలు అనుభవంతో నేర్చుకొన్న పద్ధతి కూడా. ఇది చాలావరకు ఫలించింది. ఎలుకల మీది గోమార్ల ద్వారా ప్లేగు సోకుతుందని 1898లో సిమోండ్ ప్రతిపాదించగా, 1905 తరువాత జరిగిన పరిశోధనలు దానిని ధ్రువపరిచాయి. ఊరు విడిచినవారు ఎలుకలను వెనుక వదలి వెళ్లారు గనుక బతికారు. ఊపిరితిత్తుల ప్లేగును మినహాయిస్తే, అక్కడ ప్రమాదం మనిషిలో కంటే ఇంట్లోనే ఎక్కువగా ఉంది.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా విషయం వేరు. దత్తమండల కళాశాల అనంతపురంలో ఏర్పడి అప్పటికి రెండేళ్లే. ఆ జూన్‌లో బొంబాయిలో కనిపించిన జ్వరం సెప్టెంబరు నాటికి ప్రాణాంతకమైన రెండవ దశగా మారింది. బొంబాయి, మద్రాసులను కలిపే మార్గం గుంతకల్లు, గుత్తిల మీదుగానే సాగుతుంది. ఆ ఏడే వానలు విఫలమై తిండిగింజల ధరలు పెరిగాయి. దేశంలో మృతుల సంఖ్యను పరిశోధకులు 1.2 కోట్ల నుండి 1.8 కోట్ల వరకు అంచనా వేశారు. 1911-1921 దశాబ్దంలో భారత జనాభా పెరగకపోగా కొద్దిగా తగ్గింది. ఈ వ్యాధి విషయంలో వెనుక వదలివెళ్లడానికి ఎలుక లేదు. మనిషి ఎక్కడికి పోతే వ్యాధి అక్కడికి పోతుంది. అయినా పాలనాయంత్రాంగం చేతిలో మిగిలింది ప్లేగు నాటి చట్టమే. 2020లో ప్రభుత్వాలు ఆశ్రయించినదీ 1897 నాటి ఆ చట్టాన్నే.

క్షయ మరొక దారి చూపింది. 1915లో మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం శానటోరియం రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో అది దక్షిణ భారతమంతటా పేరు పొందింది. పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఇంటికి దూరంగా ఉండటం నాటి చికిత్సకు ఆధారాలు. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. నగరంలోని పేద కుటుంబాలకు చెందిన 193 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి శానటోరియంలో, రెండవ వర్గానికి ఇంటివద్ద ఏడాదిపాటు ఒకే మందులిచ్చారు. 1959లో వెలువడిన ఫలితాల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. ఇరుకు ఇళ్లలో ఉన్నా, తక్కువ తిన్నా, రోగులు కోలుకొన్నారు. ఇంటివద్ద చికిత్స పొందినవారి కుటుంబసభ్యులకు అదనంగా ముప్పు కలగలేదు. దీనిని ‘ఇల్లే సురక్షితం’ అని చదవడం పొరపాటని నా అభిప్రాయం. అక్కడ ఇంటికి మందు చేరింది, తనిఖీ చేసేవారు వచ్చారు, కుటుంబసభ్యులను పరీక్షించారు. రోగిని ఎక్కడ ఉంచారన్నదాని కంటే అతనికి ఏమి అందిందన్నది ముఖ్యమైంది.

2020లో విద్యార్థిని ఇంటికి పంపినప్పుడు అతని వెంట అటువంటి ఏర్పాటేదీ వెళ్లలేదు. కరవు పీఠభూమిలో సంక్షేమ వసతి గృహమంటే కేవలం పడక కాదు, వేళకు దొరికే భోజనం. షెడ్యూల్డ్ కులాలకు కేటాయించిన శింగనమల వంటి నియోజకవర్గంలో ఈ మాటకు బరువు ఎక్కువ. పైగా ఖాళీ చేయించిన కళాశాల వసతి గృహాలనే రాష్ట్రంలో అనేకచోట్ల కోవిడ్ సంరక్షణ కేంద్రాలుగా మార్చారు. రోగిని ఉంచడానికి పనికివచ్చిన గది విద్యార్థిని ఉంచడానికి ఎందుకు పనికిరాలేదన్న ప్రశ్న అప్పట్లో పెద్దగా వినిపించలేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మార్చిలో పరీక్షలు పరిమితం, టీకా లేదు, వ్యాధి తీరు పూర్తిగా తెలియదు. ఆ తొలి నిర్ణయాన్ని తప్పుపట్టడం చరిత్రకారునికి సులభం, నిర్వాహకునికి కాదు.

నవంబరునాటికి ఆ సాకు లేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) పునఃప్రారంభ మార్గదర్శకాలు ఏ సమయంలోనైనా సగం మందికి మించి విద్యార్థులు ఉండరాదన్నాయి. వసతి గృహాలను అవసరమైతేనే తెరవాలని, ఒక గదిని పలువురికి ఇవ్వరాదని చెప్పాయి. గదికి ఎందరో సర్దుకొనే ప్రభుత్వ వసతి గృహంలో ఈ నియమం అమలు కావాలంటే మళ్లీ కొందరిని ఇంటికి పంపక తప్పదు. కిటికీలు తెరచి ఉంచడం, జ్వరమొచ్చినవారికి ప్రత్యేక గది, విడతలవారీ భోజనం, పక్కపడకలవారికి పరీక్ష వంటివి ఖాళీ చేయించకుండానే చేయగలిగిన పనులు. క్షయ కార్యక్రమం వీటిలో కొన్నింటిని దశాబ్దాలుగా బోధిస్తూనే ఉంది.

ఈ చరిత్రను గ్రామస్థాయిలో రాయాలంటే ప్రభుత్వ ఉత్తర్వులు చాలవు. వసతి గృహాల హాజరు పట్టీలు, భోజన లెక్కలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల జ్వర నమోదులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవాలి. విద్యార్థి గది విడిచిన తేదీ ఒక పుస్తకంలో, అతని ఊరిలో జ్వరాలు నమోదైన తేదీ మరో పుస్తకంలో, ఆ రెండూ వేర్వేరు శాఖల బీరువాల్లో ఉంటాయి.