పిల్‌బరాలో గొర్రె ఎందుకు ఓడింది

పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రపు ఉత్తర భాగంలో పిల్‌బరా ఉంది. ఎర్రరాతి గుట్టల నేల అది. అక్కడి మార్బుల్ బార్ అనే చిన్న ఊళ్లో 1923 అక్టోబర్ 31 నుంచి 1924 ఏప్రిల్ 7 దాకా వరసగా 160 రోజులు పగటి వేడి 37.8 డిగ్రీలకు తగ్గలేదు. వానలు ఎక్కువగా వేసవి తుపానుల వెంటే వస్తాయి. అవి ముఖం చాటేస్తే ఆ ఏడంతా కరువే.

అలాంటి చోట ఉన్ని కోసం గొర్రెలను పెంచాలని వలసదారులు పూనుకున్నారు. 1861లో ఫ్రాన్సిస్ గ్రెగరీ ఆ ప్రాంతమంతా తిరిగి, మేతకు పనికొచ్చే నేల ఉందని చెప్పాడు. 1863లో వాల్టర్ పాడ్‌బరీ ఓడలో గొర్రెలను తెచ్చి దింపించాడు. నదుల వెంట ఉన్న మెత్తటి పచ్చిక చూసి మరికొందరు వచ్చారు. ‘స్టేషన్లు’ అనే విశాలమైన గొర్రెల క్షేత్రాలు వెలిశాయి. అక్కడ గొర్రెలను కాసింది, కంచెలు వేసింది, బావులు తవ్వింది చాలావరకు ఆ నేల సొంతదారులైన ఆదివాసులే. వాళ్లకు దక్కింది తిండీ బట్టా, నామమాత్రపు కూలి. 1946 మే 1న సుమారు 800 మంది ఆదివాసీ కూలీలు పనులు వదిలేసి సమ్మెకు దిగారు. పిల్‌బరా ఉన్ని కథ చెప్పేవాళ్లు ఈ మాట దాటేయకూడదు.

ఆ సమ్మె నాటికే గొర్రెల మందలు చిక్కిపోతున్నాయి. 1930ల మధ్యలో మొదలైన కరువు వాటిని కోలుకోలేని దెబ్బ కొట్టింది. గొర్రెలు తగ్గుతుంటే మరో జంతువు పెరుగుతూ వచ్చింది. అది కొండ కంగారూ. అక్కడివాళ్లు దాన్ని ‘యూరో’ అంటారు. స్టేషన్ల యజమానులకు దోషి దొరికింది. మా పచ్చిక దోచేస్తోంది ఇదేనని నీటి తావుల్లో విషం కలిపి చంపించారు.

1950ల్లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ తరఫున టిమ్ ఈలీ అక్కడికి వెళ్లి ఈ గొడవను దగ్గరగా పరిశీలించాడు. ఆయన చూసిన క్రమం వేరు. యజమానులు ఏడాది పొడవునా, కరువులో కూడా, గొర్రెలను ఒకే నేల మీద మేపారు. ఏళ్ల తరబడి బతికే మెత్తటి గడ్డి వేళ్లతో సహా పోయింది. దాని చోటును స్పినిఫెక్స్ ఆక్రమించింది. ఇది గుండ్రటి పొదలుగా పెరిగే బిరుసు గడ్డి. కొసలు ముళ్లలా గుచ్చుకుంటాయి, మాంసకృత్తులు చాలా తక్కువ. దాని మీద గొర్రె బతకలేదు. యూరో బతుకుతుంది. పైగా గొర్రెల కోసం తవ్విన బావులు దానికీ ఆసరా అయ్యాయి.

ఎలా బతుకుతుందన్న ప్రశ్నకు జవాబు దాని కడుపులో ఉంది. 1954లో వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఒక కొత్త సంగతి చెప్పారు. క్వొక్కా అనే చిన్న సంచి జంతువు కడుపులోనూ పశువుల కడుపులో లాగే సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతున్నాయి. కంగారూలన్నిటిదీ ఇదే పద్ధతి. అయితే నిర్మాణంలో తేడా ఉంది. గొర్రె మొదటి పొట్ట పెద్ద తొట్టి లాంటిది. గడ్డి పీచు నెమరుతో సన్నగా నలిగేదాకా ముందుకు కదలదు. బిరుసు మేత పెడితే పొట్ట నిండిపోయి, గొర్రె తినడం తగ్గించి, చిక్కిపోతుంది. కంగారూ ముందు పొట్ట ముడతలు పడిన పొడవాటి గొట్టం. మేత అందులో ఆగకుండా సాగిపోతుంది. పీచు పూర్తిగా అరగకపోయినా తినడం ఆగదు. బిరుసు గడ్డి నమిలి ముందు వైపు దవడ పళ్లు అరిగేకొద్దీ వెనకున్నవి ముందుకు జరుగుతూ వస్తాయి.

నత్రజని సంగతి ఇంకా ముఖ్యం. శరీరంలో తయారైన యూరియాను మూత్రంలో పారబోయకుండా యూరో చాలావరకు లాలాజలం ద్వారా, రక్తం ద్వారా మళ్లీ కడుపులోకి పంపుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని తిని మాంసకృత్తులుగా మారుస్తాయి. ఆ సూక్ష్మజీవులే తర్వాత యూరోకు ఆహారం. యూరియా బయటికి పోయేది తగ్గితే దాన్ని మోసుకెళ్లే నీరూ మిగులుతుంది. గొర్రెలోనూ ఈ ఏర్పాటు ఉంది. కానీ దాని అవసరాలు పెద్దవి. సంచి జంతువులు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి, అదే బరువున్న ఇతర క్షీరదాల ఖర్చులో దాదాపు 70 శాతమే. అందులోనూ యూరోకు కావలసిన నత్రజని, మరో జాతి అయిన ఎర్ర కంగారూకు కావలసినదాని కంటే తక్కువ. పగలంతా రాతి గుహల నీడలో పడుకుని, చల్లబడ్డాక మేతకు దిగే యూరోలలో కొన్ని వేసవిలో కూడా నీటి తావుల వైపు దాదాపు రావని ఈలీ బృందం గమనించింది.

అంటే, యూరోలు పెరగడం నేల పాడైందనడానికి గుర్తు. నేలను పాడుచేసింది అవి కాదు. 1975లో అలన్ న్యూసమ్ మధ్య ఆస్ట్రేలియా ఎర్ర కంగారూను, పిల్‌బరా యూరోను పోల్చి రాసిన వ్యాసం కూడా ఈ దారిలోనే సాగింది. పెంపుడు పశువుల రాక ఈ రెండు కంగారూలకూ కలిసొచ్చిందని ఆయన చూపాడు. ఎర్ర కంగారూకు లేత చిగుళ్లు కావాలి. పశువులు ముదురు గడ్డిని మేసేసిన చోట దానికి ఆ చిగుళ్లు దొరికాయి. ఒక్కో జంతువు కడుపు ఒక్కో రకం మేత కోరుతుంది. మనిషి తెచ్చిన మంద ఏ గడ్డిని మిగిల్చిందన్న దాన్ని బట్టే ఏ కంగారూ పెరగాలో తేలింది.

విషం పెట్టి వేల యూరోలను చంపినా పోయిన పచ్చిక తిరిగి రాలేదు. ఈలోగా 1960లో ఇనుప ఖనిజం ఎగుమతి మీద ప్రభుత్వం పెట్టిన నిషేధం సడలింది. 1966లో ఎగుమతులు మొదలై పిల్‌బరా గనుల సీమ అయింది. మిగిలిన స్టేషన్లలో చాలావరకు గొర్రెలు పోయి ఆవుల మందలు వచ్చాయి. యూరోలు ఇప్పటికీ అక్కడి గుట్టల్లో సమృద్ధిగా ఉన్నాయి.